షాపు షూట్ నేర్చుకుందాం - 6వ పాఠం: ఆ చారలు ఎక్కడి నుంచి వచ్చాయి

ఈసారి నగల క్లోజప్‌లు చెప్తానన్నా కదా, అది వచ్చే పాఠానికి జరుపుతున్నా. పోయినసారి రాత్రి పూట ఏదైనా షాపులో 30 సెకన్ల వీడియో తీసి పంపమంటే వచ్చిన క్లిప్పుల్లో చాలా వాటి మీద అడ్డంగా చారలున్నాయి, పై నుంచి కిందకి పాకుతూ ఒకదాని వెనక ఒకటి. గుంటూరు నుంచి ఒకమ్మాయి చీరల షాపులో పల్లూ పరిచి తీసిన షాట్ చూశా, ఫ్రేమ్ చక్కగా కట్టింది, జరీ మెరుపు కూడా సరిగ్గా పట్టింది, కానీ వెనక తెల్ల గోడ మీద చారలు పాకుతుంటే చూసేవాడి కన్ను చీర మీద నిలవదు. ఇంకొకాయనైతే అభ్యాసం అని తియ్యలేదు, డబ్బులకి ఒప్పుకున్న పనే తీసి పంపాడు. ఓనరు "ఇదేంటయ్యా, మా షాపులో లైట్లు కొట్టుకుంటున్నట్టు కనపడుతున్నాయి" అని బ్యాలెన్స్ ఆపేశాడట. ఇంత జరిగాక నగల దగ్గరికి వెళ్ళడంలో అర్థం లేదు, ఎందుకంటే నగల షాపులో లైట్లు ఇంకా ఎక్కువ, అక్కడ ఇదే తప్పు పదింతలు కనపడుద్ది.

ఐఎస్‌ఓ, అపర్చర్, వైట్ బ్యాలెన్స్ అంటే ఏంటో మళ్ళీ చెప్పను, అవి రాకపోతే 2వ పాఠం దాకా వెనక్కి వెళ్ళండి. ఈ పాఠం మొత్తం షట్టర్ గురించే, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా ఎంతసేపు వెలుతురు తీసుకుంటుందో ఆ లెక్క, 1/50 అంటే సెకనులో యాభయ్యో వంతు.

పోయినసారి షట్టర్ 1/50 పెట్టమన్నా. ఎక్కువమంది మార్చేశారు, ఎందుకు మార్చారో కూడా రాశారు కాబట్టి నాకు పని తేలికైంది. కొందరు 30 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 30 ఫ్రేమ్‌లు) తీస్తున్నాం కాబట్టి దానికి రెట్టింపు 1/60 ఉండాలని పెట్టారు. మిగతావాళ్ళు షాపులో వెలుతురు ఎక్కువై పిక్చర్ తెల్లగా పేలిపోతుంటే షట్టర్‌ని 1/125కో 1/200కో ఎక్కించారు. ముందు ఆ 1/60 సంగతి చూద్దాం, అది నన్ను బాగా విసిగించే విషయం, ఏ కొత్త కుర్రాడు అసిస్టెంట్‌గా వచ్చినా కెమెరాలో అదే పెట్టుకుని వస్తాడు.

మన దగ్గర కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుద్ది, ఆ ఒక్కో తిరుగుడులో లైటు రెండుసార్లు వెలుగు పెంచుకుని తగ్గుద్ది, మొత్తం సెకనుకి 100 కొట్టుళ్ళు. మన కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. మనం వాడే మిర్రర్‌లెస్‌లు, ఫోన్‌లు దాదాపు అన్నీ ఫ్రేమ్ మొత్తాన్ని ఒకేసారి చదవవు, పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కోటీ చదువుకుంటూ వస్తాయి. బోరింగ్ కొట్టేటప్పుడు నీళ్ళు దెబ్బకోసారి గుబుక్కుమని పడతాయి కదా, దాని కింద వరసగా గ్లాసులు పెట్టుకుంటూ పోయి ఒక్కోదాన్ని సరిగ్గా రెండు దెబ్బల సేపు ఉంచితే అన్నిట్లో ఒకే మట్టం వస్తుంది, ఒకటిన్నర దెబ్బ ఉంచి తీసేస్తే కొన్నిట్లో రెండు దెబ్బల నీళ్ళు, కొన్నిట్లో ఒక్క దెబ్బవి. సెన్సార్ మీద వరసలే ఆ గ్లాసులు. షట్టర్ 1/50 అయితే ప్రతి వరసకీ సరిగ్గా 2 కొట్టుళ్ళు, 1/100 అయితే సరిగ్గా 1. 1/60 అయితే 1.67, అక్కడే చారలు మొదలు. 1/125 అయితే 0.8, ఒక్క కొట్టుడు కూడా పూర్తిగా అందదు, చార ఇంకా చిక్కగా పడుద్ది.

మరి ఈ 1/60 ఎక్కడిది అంటే అమెరికాది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, సెకనుకి 120 కొట్టుళ్ళు, కాబట్టి వాళ్ళకి 1/60, 1/120 సరిగ్గా కూర్చుంటాయి. 30 ఎఫ్‌పీఎస్ అలవాటు కూడా ఆ కరెంటు నుంచి వచ్చిందే. మీరు చూసే యూట్యూబ్ పాఠాల్లో సగం అక్కడివాళ్ళు చెప్పేవి, వాళ్ళ ఊళ్ళో వాళ్ళు చెప్పింది కరెక్టే, విజయవాడలో కాదు. ఫ్రేమ్ రేటుకి రెట్టింపు అనే లెక్క కదలిక అందంగా కనపడ్డానికి పెట్టుకున్నది, దానికీ లైట్లకీ సంబంధం లేదు. లైట్ల కింద తీస్తున్నప్పుడు ముందు కరెంటు మాట వినాలి, తర్వాతే అందం. క్లయింటు ఏజెన్సీ 30 ఎఫ్‌పీఎస్సే కావాలంటే 30 ఇవ్వండి, షట్టర్ మాత్రం 1/50లోనే ఉంచండి. షట్టర్‌ని సెకన్లలో కాకుండా డిగ్రీల్లో (షట్టర్ యాంగిల్) చూపించే కెమెరాలో అది 216 డిగ్రీలు, ఫ్రేమ్ మొత్తం సేపు అంటే 360. 180కి 216కి కదలికలో తేడా షాపు ఓనరు కాదు కదా మీరు కూడా పట్టుకోలేరు. 24లో తీస్తే 172.8 డిగ్రీలు, అది కూడా 1/50యే. 25లో అయితే 180 అంటేనే 1/50, ఏ గొడవా లేదు, అందుకే నేను రీల్ అయినా యాడ్ అయినా 25లోనే తీస్తా, 24 సినిమా లుక్ అని పట్టుబట్టే క్లయింట్లకి తప్ప.

25లో తీసేవాళ్ళు ఇంకో దాంట్లో పడతారు. 25లో షట్టర్ తప్పు పెట్టినా చార పాకదు, ఒకేచోట నిలబడుద్ది, ఎందుకంటే ఫ్రేమ్‌కి సరిగ్గా 4 కొట్టుళ్ళు కాబట్టి ప్రతి ఫ్రేమ్ ఒకేచోట మొదలవుద్ది. చిన్న మానిటర్‌లో అది గోడ మీద నీడలాగో డిజైన్‌లాగో కనపడి వదిలేస్తాం. పాకే చార దొరికిపోద్ది, నిలబడిన చార ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూసేదాకా దొరకదు.

అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చిచ్చిన కెమెరా అయితే మెనూలో ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది, అది అమెరికా టీవీ పద్ధతి. సోనీలో అయితే అలా ఉన్నంతకాలం 25, 50, 100 అసలు కనపడవు, 30, 60, 120 మాత్రమే. మన దేశపు టీవీ పద్ధతి పాల్ (PAL), దానికి మార్చండి. మార్చాక చాలా మోడల్స్ కార్డు ఫార్మాట్ చెయ్యమంటాయి, లోపలున్నది కాపీ చేసుకున్నాకే మార్చాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో రికార్డ్ వీడియో, అక్కడ పాల్ ఫార్మాట్లు చూపించు అని ఒక స్విచ్ ఉంటుంది, అది ఆన్ చేస్తే 25 వస్తుంది. కానీ ఫోన్ సొంత యాప్‌లో షట్టర్ మన చేతిలో ఉండదు, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే, అందులో 1/50 లాక్ చేసుకోండి. ఇదే లెక్క తిరగేసి కూడా గుర్తుండాలి, డల్లాస్‌లో మనవాళ్ళ పెళ్ళికి ఇక్కడి నుంచి వెళ్ళే వీడియోగ్రాఫర్లు అక్కడ 1/60కి మారాలి. గల్ఫ్‌లో దుబాయ్, కువైట్ మనలాగే 50, సౌదీ మాత్రం 60.

ఇంక వెలుతురు ఎక్కువై షట్టర్ పెంచినవాళ్ళు. షాపులో కూడా ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సుకి పెట్టే నల్లద్దం లాంటిది, వెలుతురు తగ్గిస్తుంది) కావాలా అని అడిగారు, కావాలి. నగల షాపు, మొబైల్ షోరూమ్, ఐస్‌క్రీమ్ పార్లర్, వీటిల్లో సీలింగ్ నిండా లైట్లే, లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోడానికి తీసే చప్పటి పిక్చర్) తీస్తే కనీస ఐఎస్‌ఓనే ఎక్కువగా ఉంటుంది, ఎఫ్2.8లో 1/50 పెడితే పేలిపోవడం సహజం. అపర్చర్ మూస్తే వెనక బోర్డులన్నీ షార్ప్‌గా వచ్చేస్తాయి. కాబట్టి తిప్పి నలుపు పెంచుకుని తగ్గించుకునే వేరియబుల్ ఎన్‌డీ ఒకటి కొనుక్కోండి, కొత్త లెన్సు కంటే ముందు అది. డబ్బులు సరిపోకపోతే 1/100 పెట్టుకుని కాస్త అపర్చర్ మూసి తీసినా పని అవుద్ది, 1/125 మాత్రం వద్దు.

స్లో మోషన్ గురించి ఒక్క మాట. పల్లూ ఎగరేసే షాట్ 120 ఎఫ్‌పీఎస్‌లో తీసి మొత్తం రెపరెపలాడుతుందని పంపారు. 120లో షట్టర్ 1/120 కంటే నెమ్మదిగా వెళ్ళలేదు, కాబట్టి షాపు లైట్ల కింద అది మన దేశంలో కుదరదు, ఎంత ఖరీదైన కెమెరా అయినా. 100 ఎఫ్‌పీఎస్‌లో 1/100 కుదురుద్ది. నాకు నచ్చేది మాత్రం 50లో 1/100, దాన్ని 25 టైమ్‌లైన్‌లో వేస్తే సగం వేగం, చీరకి అంతకంటే నెమ్మది అక్కర్లేదు. 120యే కావాలంటే షాపు లైట్లు ఆర్పించి మీ లైట్లు పెట్టుకోండి.

1/50 పెట్టినా చారలు పోని చోట్లు కూడా ఉన్నాయి, షోకేసుల్లో అతికించే ఎల్‌ఈడీ స్ట్రిప్పుల దగ్గర ముఖ్యంగా. రిమోట్‌తో వెలుతురు తగ్గించే స్ట్రిప్పు నిజానికి మసకగా వెలగదు, చాలా వేగంగా ఆరి వెలుగుతూ మసకగా ఉన్నట్టు కనపడుద్ది, ఆ వేగానికీ మన 50 హెర్ట్జ్‌కీ పొత్తు ఉండదు. దీనికి చాలాసార్లు పనిచేసే పద్ధతి, రిమోట్ అడిగి తీసుకుని వెలుతురు ఫుల్‌కి పెట్టెయ్యడం. ఫుల్‌లో ఆరడం ఉండదు కాబట్టి చారా ఉండదు. రంగులు మార్చే స్ట్రిప్పు అయితే ఒకే రంగు, అదీ ఫుల్. కొత్త కెమెరాల్లో షట్టర్‌ని సన్నగా 1/50.3, 1/51 అలా జరిపే ఆప్షన్ ఉంటుంది, అది ఉంటే చార ఆగేదాకా జరుపుకోవచ్చు. ఫంక్షన్ హాల్లో స్టేజి వెనక ఎల్‌ఈడీ వాల్ అయితే ఆపరేటర్‌ని రిఫ్రెష్ రేటు (వాల్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ కొత్తగా వేస్తుందో) ఎంతని అడగండి, 3840 అంటే ఊపిరి పీల్చుకోవచ్చు, 1920 అంటే టెస్ట్ చెయ్యకుండా మొదలుపెట్టొద్దు. అదే హాల్లో కరెంటు పోయి జనరేటర్ ఎక్కిందంటే 50 అనేది పేరుకే, లోడ్ మారినప్పుడల్లా ఇంజిన్ వేగం కాస్త మారుద్ది, దాంతో హెర్ట్జూ మారుద్ది, లేత చార వచ్చిపోతూ ఉంటుంది. పాత చోక్ ట్యూబ్‌లైట్లు గట్టిగా కొట్టుకుంటాయి, ఎలక్ట్రానిక్ చోక్ ఉన్నవి కొట్టుకోవు. పాత ఫిలమెంట్ బల్బు తీగ వేడిగానే ఉంటుంది కాబట్టి పెద్దగా ఇబ్బంది పెట్టదు.

ఫోటోలకి కూడా ఇదే, సైలెంట్ షట్టర్ ఆపేసి మెకానికల్‌లో తియ్యండి, యాంటీ ఫ్లికర్ ఆన్ చెయ్యండి, అయిపోయింది.

ఇప్పుడు బ్యాలెన్స్ ఆగిపోయినాయన సంగతి. రీషూట్ ఖర్చు ఎవరిదని అడిగాడు. మీదేనండి. షాపులో ఏ లైట్లున్నాయో చూసుకోవడం మన పని, ఓనరుకి హెర్ట్జ్ తెలియాల్సిన అవసరం లేదు. అందుకే రేటు చెప్పేముందే షాపుకి వెళ్ళాలి, అదీ చీకటి పడ్డాక, పగలు అద్దాల్లోంచి వచ్చే ఎండ చారల్ని కప్పేస్తుంది. కెమెరాలో షట్టర్ 1/1000 పెట్టి సీలింగ్ మొత్తం, షోకేసులు, కౌంటర్ వెనక బోర్డు ఒక్కోటీ మెల్లగా చూపిస్తూ వెళ్ళండి, కొట్టుకునే లైటు దాచుకోలేదు. కెమెరా తీసుకెళ్ళకపోతే ఫోన్ స్లో మోషన్‌లోనైనా తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌నో మేనేజర్‌నో అడిగి ఏ స్విచ్‌కి ఏ లైటో రాసుకోండి. "లైట్లన్నీ ఆన్‌లోనే ఉండాలండి, షాపు వెలిగిపోవాలి" అని ఓనరు అంటాడు, అప్పుడే టెస్ట్ క్లిప్పు చూపించి, "ఈ వరస ఆపితే షాపు ఇంకా బాగా కనపడుద్దండి, ఆ వెలుతురు మేం తెచ్చే లైట్లతో పూడుస్తాం" అని చెప్పాలి. చూపిస్తే ఒప్పుకుంటారు, మాటల్తో చెప్తే సాకు అనుకుంటారు. మీ లైట్ల అద్దె కూడా అప్పుడే రేట్‌లో కలుస్తుంది.

కొటేషన్‌లో నేను రాసే లైను ఇదీ, వాడుకోండి: "షూట్‌కి ముందు చూసిన లైటింగ్ ప్రకారం ఈ రేటు. ఆ తర్వాత లైట్లు మార్చినా, కొత్త డిస్‌ప్లే బోర్డులు పెట్టినా, దానివల్ల మళ్ళీ తియ్యాల్సి వస్తే సగం రోజు చార్జీ అదనం." దీపావళి ముందు రాత్రికి రాత్రే సీరియల్ సెట్లు వేలాడదీసే షాపులకి ఈ లైను తప్పకుండా కావాలి.

ఇప్పటికే తీసేసిన దాన్ని కొంత బాగుచెయ్యొచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్ డబ్బులు కట్టే వెర్షన్‌లో చారలు తగ్గించే డీఫ్లికర్ ఉంది, లేత చారలకి పనిచేస్తుంది. అది లేకపోతే, 30 ఎఫ్‌పీఎస్ క్లిప్పులో చారలు 3 ఫ్రేమ్‌లకోసారి దాదాపు అదే చోటికి వస్తాయి, కాబట్టి అదే క్లిప్పుని మూడు లేయర్లుగా ఒక్కో ఫ్రేమ్ జరిపి పెట్టి, కింది దాన్ని 100, మధ్యదాన్ని 50, పైదాన్ని 33 శాతం ఒపాసిటీలో ఉంచితే చారలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కదలని షాట్లకే ఇది, షోకేసు, బొమ్మకి కట్టిన చీర, నేమ్ బోర్డు లాంటివి, మనిషి నడిచే షాట్‌లో వేస్తే మూడు చేతులొస్తాయి. 25లో తీసిన వాటికి ఇది పనిచెయ్యదు, చార కదలడమే లేదు కాబట్టి కొట్టెయ్యడానికి ఏమీ లేదు. ఆయన మాత్రం షోకేసు షాట్లకి ఇది చేసి, నడిచే షాట్లు మళ్ళీ తీసి ఇస్తే మంచిది, మొత్తం మళ్ళీ తియ్యనక్కర్లేదు.

అభ్యాసం. ఇంట్లో ఉన్న ప్రతి లైటూ కావాలి, ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ బల్బు, జీరో బల్బు, ఫ్రిజ్ లోపలిది, దేవుడి గదిలో సీరియల్ సెట్. ఒక్కోదాన్ని ఒంటరిగా వెలిగించి ఎదురుగా తెల్ల గోడ మీద వెలుతురు తియ్యండి, 25 ఎఫ్‌పీఎస్‌లో 1/50, 1/60, 1/100, 1/125, 1/500, ఒక్కోటి 10 సెకన్లు, తర్వాత అవే 30లో. ఫ్రిజ్‌కి గోడ కుదరదు కాబట్టి లోపల ఖాళీ తెల్ల అరని తియ్యండి. ఇవన్నీ అయ్యాక దగ్గర్లో ఏదైనా షాపుకి రాత్రి వెళ్ళి, పర్మిషన్ అడిగి, 1/1000లో సీలింగ్ తిప్పి చూపించిన క్లిప్పు ఒకటి, ఏ లైటు కొట్టుకుంటుందో మీ చేత్తో గీసిన షాపు ప్లాన్ ఒకటి. ప్రతి క్లిప్పు పేరులో లైటు, ఎఫ్‌పీఎస్, షట్టర్ మూడూ ఉండాలి, పేరు లేని క్లిప్పు తెరవను. నగల పాఠం ఈ ప్లాన్ పంపినవాళ్ళకే ముందు పంపిస్తా, ఎందుకంటే ఆ పాఠం ఆ ప్లాన్ మీదే మొదలవుద్ది.