గోల్ఫ్ స్వింగ్‌లో చేతులకీ ఒంటికీ పొత్తు కుదరనప్పుడు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

తిరుపతిలో ఉండి గోల్ఫ్ ఆడేవాళ్ళలో చాలామందికి ప్రాక్టీసంతా మిద్దె మీదే. ఒక నెట్, ఒక మ్యాట్, ఎండ ముదరకముందు కాసేపు. అసలు ఆట చెన్నైలోనో బెంగళూరులోనో, అదీ సెలవు దొరికినప్పుడు. ఇందులో ఒక చిక్కుంది. నెట్‌లో బంతి నాలుగడుగులు పోయి ఆగిపోతుంది కాబట్టి, అది ఎటు వంగేదో మనకు తెలియదు. చప్పుడు బాగుంటే బాగా కొట్టామనుకుంటాం. తీరా కోర్సుకు వెళ్ళాక బంతి చెట్లలోకి పోతుంది. వెంటనే గ్రిప్ మార్చేస్తాం, నిలబడే తీరు మార్చేస్తాం.

చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. స్వింగ్ మధ్యలో ఎక్కడో చేతులు ఒక దారి, ఒళ్ళు ఒక దారి పట్టి ఉంటాయి. రెండింటిలో ఏది ముందు పోయిందో తేల్చుకోకుండా డ్రిల్స్ మొదలుపెట్టకండి. చేతులు ముందు పోయేవాడిని బాగుచేసే డ్రిల్, ఒళ్ళు ముందు పోయేవాడి స్వింగ్‌ని ఇంకా పాడు చేస్తుంది. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

(కింద రాసిందంతా కుడిచేతి వాటం వాళ్ళకు. ఎడమచేతి వాళ్ళు దిక్కులు మార్చి చదువుకోండి.)

ముందు చూసుకోవాల్సినవి

ఫోన్‌ని స్లో మోషన్‌లో పెట్టి రెండు వైపుల నుంచి వీడియో తీయండి. ఒకటి ఛాతీకి ఎదురుగా, రెండోది బంతికి వెనక, టార్గెట్ గీతకు సూటిగా, చేతుల ఎత్తులో. ఫోన్ ఎత్తుగా పెట్టినా పక్కకు జరిగినా క్లబ్ (బంతిని కొట్టే కర్ర) దారి వీడియోలో తప్పుగా కనిపిస్తుంది. క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) మీద కొంచెం టాల్కం పౌడర్ చల్లితే బంతి ఎక్కడ తగిలిందో అచ్చు పడుతుంది.

కోర్సులో ఉన్నప్పుడు రెండు విషయాలు విడివిడిగా గమనించండి. బంతి ఏ దిక్కుకు బయల్దేరింది అన్నది ఎక్కువగా క్లబ్ ఫేస్ చూసిన వైపును బట్టి ఉంటుంది. తర్వాత ఎటు వంగింది అన్నది, ఫేస్ చూసిన దిక్కుకీ క్లబ్ నడిచిన దారికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది.

సమస్య: బంతి ఎడమకు బయల్దేరి కుడికి వంగుతుంది

క్రికెట్ ఆడి గోల్ఫ్‌లోకి వచ్చినవాళ్ళలో ఇది మామూలు. షార్ట్ బంతిని పుల్ చేసినట్టు, క్లబ్ పైకి వెళ్ళీ వెళ్ళగానే కుడిచెయ్యి, కుడిభుజం కలిసి దాన్ని ముందుకు తోసేస్తాయి. వెనక నుంచి తీసిన వీడియోలో డౌన్‌స్వింగ్ (క్లబ్ పైనుంచి కిందికి వచ్చే భాగం) మొదట్లోనే చేతులు కిందికి రాకుండా బంతి వైపుకు బయటికి పోతాయి. నడుము అప్పటికింకా కదిలి ఉండదు.

కారణం: చేతులు ముందు, ఒళ్ళు వెనక. డౌన్‌స్వింగ్‌లో మొదట నడుము తిరగాలి, తర్వాత ఛాతీ, ఆ తర్వాత చేతులు, చివరికి క్లబ్. ముందుది వేగం అందుకుని కాస్త నెమ్మదించేసరికి ఆ వేగం తర్వాతి దానికి అందుతుంది. వరుస తలకిందులైతే ఎంత బలం పెట్టినా బంతి దూరం పోదు.

పరిష్కారం: 7 ఐరన్ (మధ్యస్థ దూరాలకు వాడే క్లబ్) తీసుకుని, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడండి. క్లబ్‌ని వెనక్కి తీసుకుంటూ, అది ఇంకా పైకి చేరకముందే ఎడమ పాదాన్ని టార్గెట్ వైపు ఒక అడుగు వేయండి. అడుగు నేలకు ఆనాకే కొట్టండి. మొదట బంతి లేకుండా చేయండి. బరువు ఎడమ కాలి మీదికి ముందే వచ్చేస్తుంది కాబట్టి చేతులకు ఆ వెనకే రావడం తప్ప వేరే దారి ఉండదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు సగం వేగంతోనే చేయాలి.

సమస్య: ఒకటి నేరుగా కుడికి, ఇంకోటి ఎడమకు గట్టిగా వంగే హుక్

పైదానికి ఇది పూర్తిగా ఎదురు. కారకంబాడి రోడ్డు వైపు ఉండే ఒక తమ్ముడు నాతో ఆడతాడు, ఒళ్ళు విల్లులా వంగే మనిషి. "అన్నా, ఒకటి కుడికి పోతాంది, దాన్ని సరిచేస్తే ఇంకోటి ఎడమకు తిరుగుతాంది, నేనేం చేయాల?" అని వీడియో చూపించాడు. అప్పటికి అతను చేస్తున్నది ఏమిటంటే, ఎక్కడో చూసి పైన చెప్పిన అడుగు డ్రిల్లే, రోజూ.

వీడియోని ఒక్కో ఫ్రేమూ జరిపి చూశాం. క్లబ్‌ని వెనక్కి తీసేటప్పుడు, షాఫ్ట్ (క్లబ్ కాడ) నేలకు సమాంతరంగా వచ్చిన చోట ఆపాం. వెనక నుంచి చూస్తే అక్కడ క్లబ్ హెడ్ చేతులకు అడ్డంగానో కొంచెం బయటికో కనిపించాలి. అతనిది అప్పటికే తుంటి వెనక దాక్కుని ఉంది. పైకి వెళ్ళేసరికి చేతులు ఛాతీ వెనక చిక్కుకున్నాయి. కిందికి వచ్చేటప్పుడు నడుము జోరుగా తిరిగిపోయింది, కుడి మోచెయ్యి మాత్రం ఇంకా కుడి తుంటి వెనకే. ఇక మిగిలేవి రెండే దారులు. చేతులు ఆలస్యంగా వస్తే ఫేస్ తెరుచుకునే (కుడివైపు చూస్తూనే) ఉంటుంది, బంతి కుడికి పోతుంది. ఆ ఆలస్యాన్ని మణికట్టు తిప్పి సర్దితే ఫేస్ మూసుకుపోయి (ఎడమవైపు తిరిగి) హుక్ అవుతుంది. అతని నడుము ముందే తొందరపడుతోంది, అడుగు డ్రిల్ దాన్ని ఇంకా తొందరపెట్టింది.

పరిష్కారం రెండు భాగాలు. మొదటిది టేక్‌అవే, అంటే క్లబ్‌ని వెనక్కి తీసే తొలి కదలిక: మొదటి రెండడుగుల దూరం ఛాతీ, చేతులు, క్లబ్ కలిసే కదలాలి, మణికట్టు ఊరుకోవాలి. రెండోది, పైనుంచి చేతుల్ని నడుము ఎత్తు వరకు దింపి ఆపడం. అక్కడ కుడి మోచెయ్యి తుంటికి ముందుకు వచ్చిందా చూసుకుని, మళ్ళీ పైకి తీసుకెళ్ళి, ఇలా రెండుసార్లు చేసి మూడోసారి కొట్టాలి. బంతి తగిలేదాకా కుడి మడమ నేలమీదే ఉంచితే నడుము దూకుడు తగ్గుతుంది. అతనికి మొదట చేతులు బరువెక్కినట్టు, అంతా నిదానమైపోయినట్టు అనిపించింది. అది సరైన గుర్తే.

సమస్య: ఒకసారి బంతికి ముందే నేల, ఇంకోసారి బంతి నెత్తి మీద

ఇక్కడ మ్యాట్‌ని నమ్మకండి. క్లబ్ బంతికి వెనక నేలకు తగిలినా మ్యాట్ మీద జారి ముందుకొచ్చి బంతికి తగులుతుంది, చప్పుడూ బాగానే ఉంటుంది. గడ్డి మీద అదే దెబ్బకి మట్టి లేస్తుంది, బంతి కదలదు.

కారణం, బంతి దగ్గరికి వచ్చేసరికి ఛాతీ తిరగడం ఆగిపోతుంది. ఆగిన ఒంటిని దాటి చేతులు విసురుగా పోతాయి, మణికట్టు ముందుగానే విచ్చుకుంటుంది. బంతిని చూస్తూ ఉండాలన్న భయంతో తల బిగబట్టేవాళ్ళకు ఇది ఎక్కువ.

పరిష్కారం: బంతికి జానెడు వెనక టవల్ మడిచి పరవండి. టవల్‌కి తగలకుండా బంతిని కొట్టాలి. చేతులు నడుము ఎత్తు నుంచి నడుము ఎత్తు వరకే, వెడ్జ్‌తో (తక్కువ దూరాలకు వాడే క్లబ్). ప్రతి దెబ్బ చివర్లో బెల్టు బకిల్ టార్గెట్ వైపు చూస్తోందా అన్నది చూసుకోండి.

సమస్య: ఐరన్లు సరే, డ్రైవర్ (అన్నిటికన్నా పొడవైన, దూరం కొట్టే క్లబ్) పట్టుకుంటే అన్నీ చెడతాయి

భుజాలు తిరగడం ఆగాక కూడా చేతులు పైకి పోతూనే ఉంటాయి, ఇంకొంచెం దూరం కోసం. ఆ పైన పోయిన భాగమంతా చేతులది ఒక్కటే, ఒంటికి అందులో వాటా లేదు. ఎడమ చంక కింద గ్లవ్ ఒకటి పెట్టుకుని అది పడకుండా ముప్పావు స్వింగ్‌లు చేయండి. మూడు మేజర్లు (గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నీలు) గెలిచిన ఫిజీ ఆటగాడు విజయ్ సింగ్ ప్రాక్టీసులో ఇలాంటిది చేయడం చాలామంది చూసే ఉంటారు. రెండు చంకల్లోనూ టవల్ పెట్టేది చిన్న స్వింగ్‌లకే. పూర్తి స్వింగ్‌లో కుడి చెయ్యి ఒంటి నుంచి కాస్త విడవడం సహజం.

వేగం సంగతి కూడా ఇక్కడే. మంచి ఆటగాళ్ళ బ్యాక్‌స్వింగ్‌కి (క్లబ్ వెనక్కి, పైకి వెళ్ళే భాగం) పట్టే సమయం, డౌన్‌స్వింగ్‌కి పట్టే దానికి దాదాపు మూడింతలు ఉంటుంది. ఇంట్లో మృదంగం నేర్చుకునే పిల్లలుంటే వాళ్ళ లెక్కే చాలు: "తకధిమి". మొదటి "త" దగ్గర క్లబ్ కదలాలి, "మి" దగ్గర పైకి చేరాలి, మళ్ళీ వచ్చే "త" మీద బంతి తగలాలి. మొత్తం సుమారు ఒక సెకను. డ్రైవర్‌కీ వెడ్జ్‌కీ ఇదే నడక. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మన అదితి అశోక్ బంతిని దూరం కొట్టే ఆటగత్తె కాదు. ఆమె స్వింగ్ వీడియోలు పెట్టుకుని ఈ లెక్క వేసి చూడండి, ఎక్కడా తొందర కనిపించదు.

కోర్సులో ఉన్న రోజు

డ్రిల్స్ ఆ రోజుకు పక్కన పెట్టండి. ఆట మధ్యలో టైమింగ్ చెడితే ఒక మెట్టు పొడవైన క్లబ్ (7 ఐరన్ బదులు 6 ఐరన్) తీసుకుని, ముప్పావు స్వింగ్‌తో, తకధిమి మీద మాత్రమే మనసు పెట్టి కొట్టండి. బంతి ఎటు బయల్దేరి ఎటు వంగిందో స్కోర్ కార్డు అంచున రెండు అక్షరాల్లో రాసుకోండి. "ఎ-కు" (ఎడమకు బయల్దేరి కుడికి వంగింది) అని వరుసగా ఉంటే అడుగు డ్రిల్. ఒకసారి కుడి, ఒకసారి హుక్ అని ఉంటే చేతుల్ని నడుము దగ్గర ఆపే డ్రిల్.