ఇంట్లో కడుపు డయాలసిస్ బ్యాగ్ మార్చడం ఎలా?

కిడ్నీలు పనిచేయని మా అమ్మకి నాలుగేళ్ళుగా రోజుకి మూడు బ్యాగులు నేనే మారుస్తా ఉండా. తిరుపతిలో మాకు తెలిసిన ఇండ్లల్లో చూస్తే ఫ్యాన్ తిరుగుతా ఉంటుంది, ఫోన్ మోగుతా ఉంటుంది, పిల్లోళ్ళు మంచం మీదే ఉంటారు, అట్లనే కడుపులోకి పెట్టిన పైపు విప్పేస్తారు. చూడలేక రాస్తా ఉండా. నర్సు దగ్గర ట్రైనింగ్ అయినోళ్ళకే ఇది, కానోళ్ళు చెయ్యి పెట్టొద్దు.

కడుపు గోడకి లోపలివైపు పల్చటి పొర ఉంటుంది, పెరిటోనియం అంటారు. అదే మడత తిరిగి పేగుల్ని, జీర్ణాశయాన్ని, లివర్‌ని కూడా కప్పుకుంటుంది, మొత్తం పరిస్తే దగ్గర దగ్గర మన ఒంటి చర్మం అంత. ఆ మడతల సందులో మామూలుగా ఉండేది పేగులు రాసుకోకుండా జారేంత తడి మాత్రమే. మనం అక్కడ బ్యాగ్‌లోని డయాలసిస్ నీళ్ళు రెండు లీటర్లు పోస్తాం. పొరలోని సన్న రక్తనాళాల్లోంచి కిడ్నీలు బయటికి పంపాల్సిన చెత్త, అంటే యూరియా, క్రియాటినిన్, ఆ నీళ్ళలోకి దిగతాయి, నీళ్ళలోని గ్లూకోజ్ ఒంట్లో ఎక్కువైన నీటిని లాగుతుంది.

కావాల్సినవి బ్యాగ్, క్లిప్పులు, అయోడిన్ క్యాప్ (పైపు మూతికి బిగించే మందు మూత), మాస్క్, స్టాండ్, అంతే. బ్యాగ్ హీటింగ్ ప్యాడ్ మీదే వెచ్చ చేయాల. ఎండలో పెట్టడం, వేన్నీళ్ళ బకెట్లో ముంచడం మా ఇంట్లో ఒప్పుకోను.

ఇంక అసలు కష్టం, క్యాప్ తీసి బ్యాగ్ తగిలించే ఆ నాలుగైదు సెకన్లు. కిటికీలు, తలుపు మూసి ఫ్యాన్ ఆపాల, మే నెల తిరుపతి ఎండైనా సరే ఆపాల. ఇద్దరికీ మాస్క్ ఉండాల. సబ్బుతో చేతులు వేళ్ళ సందులు, గోళ్ళతో సహా కడిగి, కుళాయిని మోచేత్తో కట్టేసి, కొత్త టిష్యూతో పూర్తిగా తుడుచుకోవాల. చాలామంది తడి చేతులతోనే వచ్చేస్తారు, ట్యాంకు నీటి చుక్క ఒక్కటి పైపు మూతికి తగిలినా క్రిములు నేరుగా ఆ పొర మీదికే పోతాయి. తర్వాత శానిటైజర్ రాసుకోని ఆరనీయాల.

క్యాప్ తీసినాక మాట్లాడొద్దు, దగ్గొద్దు. మూతికి వేలు గానీ, చీర కొంగు గానీ తగిలిందంటే "ఏం కాదులే" అని తగిలించేయొద్దండీ. తగిలింది కొత్త బ్యాగ్ మూతికైతే ఆ బ్యాగ్ పక్కన పడేసి ఇంకోటి తీయండి. అమ్మ వైపు పైపుకైతే క్లాంప్ బిగించి, కొత్త క్యాప్ పెట్టి, వెంటనే డయాలసిస్ నర్సుకి ఫోన్ చేయండి. ఒక బ్యాగ్ పోతే పోనీ, ఇన్ఫెక్షన్లు మళ్ళీ మళ్ళీ వస్తే పొర మచ్చలు కట్టి పని మానేస్తుంది. అప్పుడు వారానికి మూడుసార్లు బస్సెక్కి ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేసే మెషిన్ దగ్గరికి పోవాల. ఇంట్లో చేసుకునే ఈ పద్ధతే మేలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మిగతాది తేలిక. ముందు పూట కడుపులో పోసిన పాత నీళ్ళు ఖాళీ డ్రెయిన్ బ్యాగ్‌లోకి ఇరవై నిమిషాల్లో దిగిపోతాయి, కొత్త నీళ్ళు కాసేపు డ్రెయిన్ బ్యాగ్‌లోకి వదిలి గాలి పోగొట్టి, తర్వాత కడుపులోకి పది నిమిషాలు. కొత్త క్యాప్ బిగించి, దిగిన బ్యాగ్ బరువు చూసి పుస్తకంలో రాయండి.

దిగిన బ్యాగ్‌ని పేపర్ మీద పెట్టి చూడండి. అక్షరాలు తేటగా కనపడాల. మసకగా ఉంటే ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, కడుపు నొప్పి లేకపోయినా సరే, ఆ బ్యాగ్ పారబోయకుండా క్లిప్పు వేసి అదే పూట ఆసుపత్రికి తీసుకుపోండి, టెస్టు చేసేది ఆ నీళ్ళనే.