థండర్‌బర్డ్‌లో పలు ఖాతాల మెయిళ్లను వేరుచేసుకునే పద్ధతి

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో ఆఫీసు ఖాతాను, సొంత ఖాతాను రెంటినీ చేర్చుకున్నవారు ముందుగా గమనించవలసింది, ఏ ఖాతా ఫిల్టర్లు (మెయిళ్లను వాటంతటవే ఫోల్డర్లకు చేర్చే నియమాలు) ఆ ఖాతాకే పరిమితమన్న సంగతి. టూల్స్ మెనూలో మెసేజ్ ఫిల్టర్స్ తెరిచి, పైన ఖాతాను ఎంచుకుని, న్యూ నొక్కి, ఫ్రమ్ అన్నచోట కరెంటు బిల్లు పంపే చిరునామా ఇచ్చి, ఆ మెయిలు ‘బిల్లులు’ ఫోల్డరుకు వెళ్లేలా అమర్చాలి. సబ్జెక్టులోని మాటలకన్నా చిరునామాను నమ్ముకోవడమే మేలు. ‘బిల్లు’ అన్న మాట ప్రకటనల్లోనూ దొర్లుతుంది.

రెండు ఖాతాల బిల్లులూ ఒకేచోట చేరాలంటే కంప్యూటరులోనే ఉండే లోకల్ ఫోల్డర్స్‌లో ఫోల్డరు పెట్టుకోవచ్చు గాని, ఐమ్యాప్ ఖాతా (మెయిళ్లు సర్వరులోనే ఉండే రకం) నుంచి అక్కడికి తరలించిన మెయిలు సర్వరులో మిగలదు, ఫోనులోనూ కనబడదు. అందువల్ల మూవ్‌కు బదులు కాపీ ఎంచుకోవడం క్షేమం. ఫిల్టర్లు జాబితాలో పైనుంచి కిందికి వరుసగా పనిచేస్తాయి కనుక నిర్దిష్టమైనవి పైన ఉండాలి. ఇప్పటికే వచ్చిపడిన మెయిళ్లకు రన్ నౌ నొక్కాలి.