వానలకు ముందే తేల్చుకోండి: మన్యం దారులకు ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనేవారికి జాగ్రత్తలు

విశాఖపట్నంలో ఉదయం బయలుదేరిన బండి రెండు మూడు గంటల్లో సముద్రతీరం నుంచి 900 మీటర్లకు పైబడిన ఎత్తుకు చేరుకుంటుంది. అరకులోయ మనకు 115 కిలోమీటర్ల దూరమే. పాడేరు, వంజంగి, లంబసింగి కూడా ఒక్క రోజులో వెళ్లి రాగలిగినవే. అందువల్ల మన ప్రయాణాలు ఉదయం హుషారుగా కొండ ఎక్కడంతో మొదలై, సాయంత్రం అలసిపోయి, తరచుగా వానలోనో పొగమంచులోనో కొండ దిగడంతో ముగుస్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి, కొనాలనుకునేవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న మాత్రం దాదాపు ఎప్పుడూ "ఈ బండి కొండ ఎక్కుతుందా?" అనే. బరువు, ఇంజను, టైరు సరిగా ఉన్న ఏ బండైనా ఎక్కుతుంది. తడిసిన ఎర్రమట్టి మీద నలుగురు మనుషులతో, సామానుతో నిదానంగా, అదుపు తప్పకుండా దిగగలదా అన్నదే చూడవలసిన విషయం.

నైరుతి రుతుపవనాలు జూన్‌లో వస్తాయి. బండి కొనాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లోనే కొని, పొడి నేల మీద దానికి అలవాటుపడిన తరువాతే వానల్లోకి తీసుకెళ్లడం మంచిది.

ముందుగా పేర్ల గందరగోళం నుంచి బయటపడాలి. ఎత్తుగా, దిట్టంగా కనిపించే ప్రతి బండీ ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. మహీంద్రా థార్‌లో 2023 జనవరి నుంచి వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందే రకం కూడా అమ్ముతున్నారు. చూపులకు రెండూ ఒకటే. అయిదు తలుపుల థార్ రాక్స్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ రకంలోనే దొరుకుతుంది. బుకింగ్ కాగితం మీద సంతకం పెట్టే ముందు డ్రైవరు సీటులో కూర్చుని, గేరు రాడ్డు పక్కన రెండో రాడ్డో, 4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తి, మామూలు వేగం), 4ఎల్ (లో రేంజి, అంటే చాలా నిదానమైన, బలమైన గేరు) అని రాసి ఉన్న మీటో ఉందేమో మీ కళ్లతో చూసుకోండి. ఆల్ వీల్ డ్రైవ్ అని అమ్మే కార్లు మరో కోవకు చెందినవి. ముందు చక్రాలు జారినప్పుడు వెనక చక్రాలకు కొంత శక్తిని పంపించే ఈ ఏర్పాటు వానలో తారురోడ్డుకు, గతుకుల గ్రామీణ రోడ్డుకు బాగా పనికివస్తుంది. కానీ వాటిలో సాధారణంగా లో రేంజి గేరు ఉండదు, మన కొండలకు అసలు కావలసినది అదే.

అది నాకు మూడేళ్ల క్రితం ఆగస్టులో, హుకుంపేట మండలంలోని ఒక గిరిజన గ్రామం నుంచి బంధువుల ఆల్ వీల్ డ్రైవ్ కారులో తిరిగి వస్తున్నప్పుడు తెలిసివచ్చింది. ఉదయం పొడిగా ఉన్న మట్టిబాట మీద కారు ఇబ్బంది లేకుండా ఎక్కింది. మధ్యాహ్నం గంటసేపు కురిసిన వానకు అదే బాట సబ్బు రాసినట్టయింది. బ్రేకు తొక్కితే పెడల్ కింద టకటకమని కొట్టుకుంటోందే తప్ప కారు ఆగలేదు. పక్కకు జారుతూ వెళ్లి గట్టుకు ఆనుకుని నిలిచింది, అదే రెండో వైపుకు జారి ఉంటే లోయ. మా వెనక సంత నుంచి జనాన్ని ఎక్కించుకుని వస్తున్న పాత సర్వీసు జీపు నడిచే మనిషి వేగంతో, బ్రేకు ముట్టకుండా దిగి వచ్చి ఆగింది. దాని డ్రైవరు దిగి వచ్చి మా చక్రాల కింద రాళ్లు పెడుతూ, "బ్రేకు తొక్కకండి బాబూ, గేర్లోనే ఒగ్గేయండి" అన్నాడు. ఆ జీపులో లో రేంజి ఉంది, మా కారులో లేదు.

లో రేంజిలో మొదటి గేరు వేస్తే ఇంజను చాలా నెమ్మదిగా చక్రాలను తిప్పుతుంది, దిగేటప్పుడు అదే ఇంజను చక్రాలను పట్టి ఆపుతుంది. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి స్టీరింగ్ మాట వింటుంది. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగిసి జారుతుంది, జారుతున్న చక్రం ఎటూ తిరగదు. తారు ఘాట్ రోడ్డు మీద కూడా ఎక్కిన గేరులోనే దిగడం మంచిది. మైళ్ల తరబడి బ్రేకు మీద కాలు ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు సడలుతుంది. ఇంకొక మాట చెప్పాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందడం వల్ల బండి ముందుకు కదలడం తేలికవుతుందే గానీ, ఆగే దూరం ఏమాత్రం తగ్గదు. కొత్తగా ఫోర్ వీల్ కొన్నవారిలో తప్పుడు ధైర్యం పుట్టేది ఇక్కడే.

ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజను శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేరుపెట్టె, ఉన్న బండ్లలో ఫోర్ వీల్‌ను ఎండిన తారురోడ్డు మీద వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. రెండు ఇరుసులనూ కలిపి బిగించినప్పుడు ఆ తేడా మట్టిలోనైతే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది, తారు మీద సర్దుకోదు. స్టీరింగ్ బరువెక్కుతుంది, లోపలి పళ్లచక్రాల మీద భారం పడుతుంది. చాలా బండ్లలో 4ఎల్ వేయాలంటే బండిని ఆపి న్యూట్రల్‌లో పెట్టాలి కాబట్టి, వాలు మొదలయ్యే చోటనే వేసుకోండి, సగం దిగాక కాదు.

ఇక ఏ బండి అన్న ప్రశ్నకు జవాబు మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న దానితో మొదలవుతుంది. మారుతీ జిమ్నీ తేలికైనది, ఇరుకు బాటలకు అనువైనది, లో రేంజి ఉన్నది, అడుగుభాగం నేల నుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నది. కానీ అందులో కూర్చోగలిగేది నలుగురే, వెనక సామాను చోటు 208 లీటర్లే. మూడు తలుపుల థార్ 226 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నా, అది కూడా నలుగురి బండే. అమ్మానాన్నలను, పిల్లలను తీసుకెళ్లేవారికి థార్ రాక్స్, స్కార్పియో ఎన్, అయిదు తలుపుల ఫోర్స్ గూర్ఖా వంటివి చూడదగినవి. ఫోర్స్ గూర్ఖాలో ముందు, వెనక ఇరుసులు రెండింటికీ డిఫరెన్షియల్ లాకు ఉంటుంది. అంటే ఒక చక్రం గాలిలో లేచినా రెండో చక్రానికి శక్తి ఆగదు. మన దారులకు అంత అవసరం అరుదుగానే వస్తుంది. సామాను ఎక్కువగా మోసేవారికి మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ క్రాస్ పికప్ ఉంది గానీ, దాని పొడవుకు ఘాట్ మలుపుల్లో జాగ్రత్త కావాలి. నా మటుకు నేను నలుగురి కుటుంబానికి తేలికైన బండినే సూచిస్తాను. బురదలో దిగబడితే ఊరివాళ్లు నలుగురు కలిసి తోసి బయటకు తీయగలిగినది అదే.

గెడ్డలు (కొండవాగులు) దాటడం గురించి కంపెనీలు చెప్పే అంకెలను నిలకడ నీటికి మాత్రమే వర్తింపజేసుకోవాలి. థార్‌కు 650 మిల్లీమీటర్లు, గూర్ఖాకు 700 మిల్లీమీటర్లు అని చెబుతారు. మన్యంలో గెడ్డ పైన ఎక్కడో కురిసిన వానకు క్షణాల్లో పొంగుతుంది, పారే నీరు అంతకంటే తక్కువ లోతులోనే బండిని పక్కకు నెట్టేస్తుంది. నీరు ఎర్రగా మారి, పుల్లలు కొట్టుకువస్తుంటే ఆగిపోండి. తేటగా, నిదానంగా పారుతున్నప్పుడు కూడా కర్రతో లోతు చూడకుండా దిగకండి. గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోయి ఇంజను ఆగిపోతే తాళం మళ్లీ తిప్పకూడదు. నీరు కుదించుకోదు కాబట్టి లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు బీమా ఈ నష్టాన్ని సాధారణంగా భరించదు, ఇంజను రక్షణ కోసం విడిగా ప్రీమియం కట్టాలి. జూన్ లోపల ఆ కాగితం ఒకసారి తీసి చదవండి.

బండి ఎంపికలో డబ్బు మిగిలితే దాన్ని టైర్ల మీద పెట్టండి. మనలాగా తారు మీద ఎక్కువ, మట్టి మీద తక్కువ తిరిగేవారికి ఆల్ టెరైన్ టైర్లు సరిపోతాయి. మడ్ టైర్లు తడి తారు మీద పట్టు తక్కువ, మోత ఎక్కువ. చట్టం ప్రకారం టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, వానాకాలం ఘాట్‌కు 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయడం నయం. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని అర్థం. స్టెప్నీకి కూడా ఇవన్నీ చూడండి, చాలామంది మరచిపోయేది దాన్నే. బురదలో గాలి తగ్గించుకునేవారు తిరిగి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ వెంట ఉంచుకోవాలి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవారికి మన ఊళ్లో ప్రత్యేకమైన ప్రమాదం ఉప్పుగాలి. భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక అపార్ట్‌మెంటులో, అయిదేళ్లుగా ఆరుబయటే నిలిపిన ఒక జీపును చూడటానికి వెళ్లాం. రంగు అద్దంలా మెరుస్తోంది. కింద పడుకుని టార్చి వేసి చూస్తే చాసిస్ మీద కొత్తగా నల్లరంగు పూశారు. స్క్రూడ్రైవర్ మొనతో నెమ్మదిగా నొక్కగానే రంగు కింద ఇనుము అప్పడంలా పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వచ్చింది. ఏ బండైనా గ్యారేజీలో పైకెత్తించి, చాసిస్ రెండు పక్కలా, వెనక షాకులు బిగించిన చోటా, బ్రేకు గొట్టాల వెంట చూసిన తరువాతే బేరం మాట్లాడండి. సైన్యం వేలం వేసిన మారుతీ జిప్సీలకు ఇంకా గిరాకీ ఉంది గానీ, 2019లో మామూలు కొనుగోలుదారులకు అమ్మకం ఆగిపోయిన బండి అది, విడిభాగాల సంగతి ముందుగా కనుక్కోవాలి.

ముందు బంపరుకు ఇనుప గార్డు బిగించుకోకండి. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. ఎయిర్‌బ్యాగులు సకాలంలో తెరుచుకోకుండా అవి అడ్డుపడవచ్చు.

కొత్త బండి సత్తా చూడటానికి ఇసుక తీరాల్లోకి, భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లోకి దింపడం దయచేసి మానండి. మన తీరంలో వేసవి ముందు నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, దిబ్బలు మళ్లీ తయారయ్యేవి కావు. సాధన కావాలంటే తెలిసినవారి తోటలో అనుమతి అడిగి 4ఎల్ వేసి తీయడం పదిసార్లు చేయండి. తరువాత సింహాచలం ఘాట్ దిగుతూ రెండో గేరులో బ్రేకు ఎంత తక్కువగా వాడగలరో గమనించండి. రిజర్వు అడవిలోని బాటలకు అటవీశాఖ అనుమతి కావాలి. కటికి జలపాతం వంటి చోట్లకు స్థానిక జీపుల వాళ్లు రోజూ తిరుగుతుంటారు, మీ బండిని పక్కన పెట్టి వారి బండి ఎక్కినా తప్పు లేదు, వాళ్లకు నాలుగు రూపాయలూ వస్తాయి.

తిరుగు ప్రయాణం వేళను మాత్రం బయలుదేరకముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. వానాకాలంలో మధ్యాహ్నం రెండింటికల్లా అరకు వదిలితే అనంతగిరి మలుపులన్నీ వెలుతురులోనే దిగి, చీకటి పడేలోగా శృంగవరపుకోట చేరుకోవచ్చు.