మేడ మీద సముద్రపు ఆవును ముగ్గుతో గీయడం ఎలా

స్టెల్లర్ సముద్రపు ఆవు అంటే ఇప్పుడు లేని ఒక భారీ సముద్ర జంతువు. దాని గురించి పిల్లలకు నోటితో ఎంత చెప్పినా ఎక్కదు, అసలు సైజులో గీసి చూపించాలి. హన్మకొండలో మా మేడ మీద మేం చేసింది అదే.

ముందు 8 మీటర్లు కొలవండి. టేపు లేకపోతే చీర తీసుకోండి, ఐదున్నర మీటర్ల చీర ఒకటిన్నర సార్లు పరిస్తే సరిపోతుంది. తల చిన్నగా, పొట్ట మాత్రం నీళ్ల గాబులా, తోక తిమింగలానికి ఉన్నట్టు రెండుగా చీల్చి గీయండి. ముందు కాళ్లు పొట్టి మొద్దుల్లా ఉండాలి, వేళ్లు వద్దు. పళ్లు అసలే వద్దు, అది సముద్రపు నాచును నోట్లోని గట్టి పలకలతో నలిపి తినేది.

ముగ్గు పోస్తూనే కథ చెప్పండి. 1741లో బేరింగ్ అనే అన్వేషకుడి ఓడ రష్యా తూర్పు చివరన ఉన్న కమ్చట్కా దగ్గర ఒక దీవిలో చిక్కుకుపోయింది, అందులో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త స్టెల్లర్ దీన్ని దగ్గరగా చూసి రాసిపెట్టాడు. బతికినవాళ్లు దాని మాంసం తిని, కొత్త పడవ కట్టుకుని వెళ్లిపోయారు. తర్వాత నీటిపిల్లుల బొచ్చు కోసం వేటగాళ్లు ఎగబడ్డారు, వాళ్లకూ తిండి ఇదే. పాపం, ఈ ఆవుకు మునగడం సరిగా రాదు, ఒడ్డు దగ్గరే తేలుతూ మేసేది. గాయంతో తప్పించుకున్నవి సముద్రంలో చచ్చేవి, అదంతా వృథా. 1768 నాటికి అయిపోయాయి, అంటే 27 ఏళ్లే!

చివరగా దాని పొట్టలోనే రంగు ముగ్గుతో దాని చుట్టమైన డుగాంగ్ అనే సముద్ర జంతువును దాదాపు 3 మీటర్ల సైజులో గీయండి. ఆ చుట్టం ఇప్పటికీ తమిళనాడు తీరంలో పాక్ జలసంధిలో మేస్తోంది.