హేవ్‌లాక్‌లో ఐదింటికే పొద్దుగూకుతుంది: సెలవులకు వెళ్లేవారికి జాగ్రత్తలు

గత డిసెంబరులో తిరుపతిలోని మా వీధి నుంచి అండమాన్ వెళ్లిన మా బంధువులు తొమ్మిదిమంది, హేవ్‌లాక్ దీవిలో ఎలిఫెంట్ బీచ్ నుంచి తిరిగివచ్చే అడవి దారిలో చీకట్లో చిక్కుకుపోయారు. బురదలో దిగబడిన చెప్పును లాగబోయి మా పెదమామ చెట్టువేరు మీద పడ్డారు, మణికట్టు విరిగింది. తొమ్మిది ఫోన్లలో టార్చి వెలిగినవి రెండే. అప్పటికి గడియారంలో సాయంత్రం ఐదున్నరే అయింది.

టోపీ, నీళ్ల సీసా, వాంతుల మాత్ర సంగతి అందరికీ తెలుసు గనుక వదిలేస్తున్నాను. నేను చూసినంతలో మనవాళ్లను దెబ్బతీసే తప్పు ఒక్కటే: తిరుపతి పొద్దును దీవికి వెంటబెట్టుకుపోవడం. దేశమంతటికీ గడియారం ఒకటే అయినా తిరుపతి 79.4 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, హేవ్‌లాక్ 93 డిగ్రీల దగ్గర ఉన్నాయి కాబట్టి, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు మనకంటే దాదాపు 54 నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరు నడుమ ఇక్కడ 5.45 దాటాక గూకే పొద్దు అక్కడ 5 గంటలకే గూకుతుంది, మరో అరగంటకు చీకటి కమ్ముకుంటుంది. తెల్లవారడమూ అంతే ముందు, 5.30కే సూర్యోదయం. కాబట్టి తిరగవలసినదంతా పొద్దున్నే తిరిగి, మధ్యాహ్న భోజనం తరువాత కొత్త చోటికి బయలుదేరకపోవడం మంచిది.

ఎలిఫెంట్ బీచ్‌కు నడిచి వెళ్తే ఒకవైపే సుమారు 40 నిమిషాల దారి. తలకోన అలవాటున్నవారికి ఇది లెక్క కాదనిపిస్తుంది గాని, వాన పడితే పిల్లలతో, పెద్దలతో రెట్టింపు సమయం పడుతుంది. మూడు గంటలకల్లా వెనుదిరగండి. మళ్లీ చెబుతున్నాను, అక్కడి మూడు మన నాలుగు.

హేవ్‌లాక్‌ను 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అనీ, పోర్ట్ బ్లెయిర్‌ను 2024 నుంచి శ్రీ విజయపురం అనీ అంటున్నారు; టికెట్టు మీద ఏ పేరున్నా కంగారుపడనక్కర్లేదు. సముద్రం పోటెత్తితే ఓడలు రద్దవుతాయి గనుక, దీవి నుంచి తిరిగివచ్చిన మర్నాటి ఉదయానికే చెన్నై విమానం పెట్టుకోకూడదు. స్కూబా డైవింగ్ (గాలి సిలిండరుతో సముద్రం లోపలికి దిగడం) చేసినవారికైతే మరో కారణం కూడా ఉంది: ఒంట్లో కరిగిన నైట్రోజన్ పూర్తిగా బయటపడకముందే విమానమెక్కితే అది బుడగలుగా మారి కీళ్లకు, నరాలకు ముప్పు తెస్తుంది. కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు ఆగాలి.

హేవ్‌లాక్‌లోని రాధానగర్ తీరంలో అలలు విరిగే వరుస నడుమ ఒకచోట నీరు ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగవద్దు. తీరానికి వచ్చిన నీరు తిరిగి లోపలికి లాగేది చాలాసార్లు ఆ సందులోంచే. లాక్కుపోతే ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా ఈదాలి. దిగుడుబావిలో ఈత నేర్చినవారికే ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎదురీదేది వాళ్లే. పొద్దువాలాక మాత్రం మడమలు కూడా తడపవద్దు. 2010లో ఇదే తీరం పక్కనున్న నీల్స్ కోవ్‌లో ఉప్పునీటి మొసలి ఒక అమెరికా యువతిని చంపింది.

మొసలి హెచ్చరిక బోర్డు ముందు ఫొటో దిగి, దాన్ని దాటి పోవద్దు. వాగు సముద్రంలో కలిసే చోటికి పోవద్దు. తాగి నీళ్లలో దిగవద్దు. లైఫ్ జాకెట్టు బిగుతుగా ఉందని వదులు చేసుకోవద్దు. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవద్దు. పగడపు ముక్క, గవ్వ ఏదీ సంచిలో వేసుకోవద్దు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. అసలు గుర్తింపు కార్డు దగ్గరే ఉంచుకోండి. అద్దె స్కూటరు లైటు తీసుకునేటప్పుడే వెలిగించి చూడండి. చేతి టార్చి మనిషికొకటి తీసుకోండి, ఫోనును నమ్మవద్దు. చేతిగడియారం ఉంటే ఓడ దిగగానే ఒక గంట ముందుకు తిప్పండి. తిరుగు ఓడకు గంట ముందే రేవు చేరి కూర్చుంటారు, అంతేగా.