డిమెన్షియా టెస్టుని ఇంకో భాషలోకి తెచ్చేటప్పుడు

జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే డిమెన్షియా ఉందేమో చూడ్డానికి వాడే, 1975లో వచ్చిన ఎంఎంఎస్ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) టెస్టులో "నో ఇఫ్స్, ఆండ్స్, ఆర్ బట్స్" అని చెప్పి, పేషెంట్‌ని తిరిగి అనమంటారు. దీన్ని "అయితేలు, మరియులు, కానీలు వద్దు" అని దించేశారనుకోండి, మతి బాగా ఉన్నవాళ్ళు కూడా "ఏంటీ?" అంటారు. అక్కడ చూసేది అర్థం కాదండీ, నాలుకకి అడ్డంపడే చిన్న మాటల్ని విన్నది విన్నట్టు అనగలరా అని. అందుకే ముందు ప్రతి ప్రశ్న పక్కనా ఇది దేన్ని చూస్తోందో రాసుకోండి, తర్వాత అదే పని చేసే ప్రశ్న మీ భాషలో వెతకండి.

"వరల్డ్" స్పెల్లింగ్ వెనక నుంచి చెప్పమనడమూ అంతే. తెలుగులో "పుస్తకం" తిరగేస్తే "కంస్తపు" అవుతుందా, "కంతసపు" అవుతుందా, ఒత్తు ఎటు పోవాలి? దాని బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పమనండి, ఏకాగ్రత తెలుస్తుంది, బడికెళ్ళనివాళ్ళకీ కుదురుతుంది.

ఇలాంటిదే ఇంకో టెస్టు మోకా (మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్), అందులో గుర్తుపెట్టుకోమనే ఐదు మాటలు ముఖం, వెల్వెట్, చర్చి, డైసీ, ఎరుపు. గుర్తురాకపోతే "ఒక పువ్వు" అని క్లూ ఇస్తారు, కాబట్టి డైసీ తీసేసినా ఇంకో పువ్వే పెట్టాలి, అదీ అందరికీ తెలిసిందై, పలకడానికి అంతే చిన్నదై ఉండాలి. "ఎరుపు" అని మనం చెప్తే పేషెంట్ "ఎర్ర రంగు" అంటాడు, మార్కు ఇవ్వాలా వద్దా? ఒకళ్ళు ఇచ్చి ఒకళ్ళు ఇవ్వకపోతే గొడవే, ముందే షీట్ మీద రాసిపెట్టుకోండి. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో చెప్పమన్నప్పుడు కూడా "ప" అంటే పా, పి, పు లెక్కలోకి వస్తాయా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఒరిజినల్ చూడనివాళ్ళతో మళ్ళీ ఇంగ్లీషులోకి మార్పించి పోల్చడం మంచిదే, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకండి, పైన చెప్పిన "అయితేలు, మరియులు" శుభ్రంగా "ఇఫ్స్, ఆండ్స్" అయిపోయి తిరిగొస్తాయి, తప్పు దొరకదు. ఆరోగ్యంగా ఉన్న కొంతమంది పెద్దవాళ్ళకి టెస్టు పెట్టి "నేనేం అడిగాననుకున్నారు?" అని అడగండి, అక్కడ బయటపడుతుంది. ఇంట్లోవాళ్ళని మాత్రం పక్కన కూర్చోబెట్టకండి, ప్రేమకొద్దీ జవాబులు అందించేస్తారు.

ఇక కటాఫ్, అంటే ఎన్ని మార్కులకి తగ్గితే అనుమానపడాలన్న గీత. మోకాలో 30కి 26, చదువు 12 ఏళ్ళు లేదా అంతకన్నా తక్కువైతే ఒక మార్కు కలుపుతారు, కానీ అది కెనడాలో ఇంగ్లీష్, ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళ మీద తేల్చిన అంకె. మీ భాషలో బాగున్నవాళ్ళకీ, డాక్టరు డిమెన్షియా అని తేల్చినవాళ్ళకీ, చదువుకున్నవాళ్ళనీ చదువురానివాళ్ళనీ కలిపి, టెస్టు పెట్టి చూశాకే కొత్త అంకె వేసుకోండి.